గళ్ళ మధ్య మిగిలిన ఇనుము

బాయిలరు ప్లేటు లోపల పొర విడి ఉందో లేదో కనిపెట్టడానికి పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కార్ఖానాల్లో పొడి ఇసుక వాడేవారు. ప్లేటును నాలుగు మూలలా దిమ్మల మీద ఎత్తిపెట్టి, పైన ఇసుక పలచగా చల్లి, అడుగు నుంచి సుత్తితో తట్టుకుంటూ పోయేవారు. ఇనుము గట్టిగా ఉన్న చోట ఇసుక ఎగిరిపడేది. లోపల పొర విడిన చోట ఉలక్కుండా పలక్కుండా పడి ఉండేది. రోలింగు మిల్లులో ఇనుప దిమ్మను ప్లేటుగా సాగదీసేటప్పుడు, దిమ్మలో ఇరుక్కున్న మడ్డి ముక్క కూడా దాంతోపాటే సాగి వెడల్పుగా పరుచుకుంటుంది. పైకి నున్నగా కనిపించే ప్లేటు లోపల రెండు రేకులై ఉంటుంది. మా యార్డుల్లో దాన్ని లామినేషన్ అంటాం. ఆవిరి ఒత్తిడికి బాయిలర్లు పేలి మనుషులు పోతున్న రోజుల్లో ఈ ఇసుక పరీక్ష ఆషామాషీ వ్యవహారం కాదు.

నేను విశాఖపట్నంలో ట్యాంకులూ ప్రెషర్ వెసల్సూ తయారుచేసే ఒక యార్డులో అల్ట్రాసోనిక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఇసుక సంగతి నాకు మొదట చెప్పింది మా సీనియరు ఒకాయన. "మనం చేసేదీ అదే బాబూ, ఇసుక పోయి తెర వచ్చింది, అంతే" అనేవారాయన. ఆయనంటే గౌరవమే గానీ ఆ మాటతో నేను ఏకీభవించను. సుత్తి నుంచి, శబ్దం పంపి వినే ప్రోబుకు మారినప్పుడు మన చేతికి ఒకటి వచ్చింది, ఒకటి జారిపోయింది. ఆ జారిపోయినదాన్ని తిరిగి పట్టుకోవడానికే ఆ తర్వాతి తరాలు తంటాలు పడ్డాయి. నాకు తెలిసినంతలో ఈ వృత్తి చరిత్ర అంతా అదే.

సుత్తి ఏమిచ్చేదో చూడండి. స్టేషన్లో బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని చక్రాలను ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయే మనిషిని నా వయసువాళ్ళు చూసే ఉంటారు. ఖంగుమంటే సరే. బొంగురుగా పలికితే పగులున్నట్టే. ఒక్క దెబ్బకు చక్రం మొత్తం పలుకుతుంది, పగులు ఆ అంచున ఉన్నా ఈ అంచున ఉన్నా సరే. ఎక్కడుందో, ఎంతుందో మాత్రం ఇసుక తోడు లేని సుత్తి చెప్పదు. మొత్తం వింటుంది, చోటు చెప్పలేదు.

ప్లేటు మీద ఇసుక చల్లి చూడటం కార్ఖానావాళ్ళు కనిపెట్టింది కాదు. 1787లో ఎర్నెస్ట్ క్లాడ్ని అనే జర్మన్ ఒక పుస్తకం వేశాడు. పలుచని ప్లేటు మీద ఇసుక చల్లి, అంచున వయొలిన్ కమాను రాస్తే, ఇసుక కదలని గీతల వెంట చేరి ముగ్గులు పడతాయని అందులో బొమ్మలతో సహా చూపించాడు. పారిస్‌లో నెపోలియన్ కూడా ఆ ప్రదర్శన చూశాడు. ఆ ముగ్గులకు లెక్క చెప్పినవాళ్ళకు బహుమతి అని ఫ్రెంచి సైన్స్ అకాడమీ ప్రకటిస్తే, పట్టువదలకుండా మళ్ళీ మళ్ళీ పంపి 1816లో గెలుచుకున్నది సోఫీ జెర్మెయిన్. ఆడపిల్లను కాలేజీలో చేర్చుకోని రోజుల్లో మగపేరుతో పాఠాలు తెప్పించుకుని చదివిన మనిషి ఆమె. ఈఫిల్ టవరు మీద 72 మంది ఫ్రెంచి శాస్త్రజ్ఞుల, ఇంజినీర్ల పేర్లు చెక్కారు గానీ, ప్లేట్ల లెక్క మొదలుపెట్టిన ఆమె పేరు అందులో లేదు. ఆమె లెక్కలో అంచుల దగ్గర మిగిలిన లోపాన్ని 1850లో కిర్కాఫ్ సరిచేశాడు. ఇదంతా ప్లేటు ఉన్నచోటే ఉండి కంపించడం గురించి. ఒక మూల పుట్టిన అల ప్లేటు వెంట ప్రయాణం చేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి నిండు జవాబు 1917 దాకా ఆగింది.

ఆ జవాబు చెప్పినాయన హొరేస్ లాంబ్. 1849లో ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. ఇరవై ఆరేళ్ళకే ఆస్ట్రేలియా వెళ్ళి అడిలైడ్‌లో గణితం ప్రొఫెసరుగా చేరి, 1885లో మాంచెస్టర్ తిరిగొచ్చాడు. నీళ్ళ కదలిక మీద ఆయన రాసిన పుస్తకం ఇవాళ్టికీ ఇంజినీర్ల అల్మారాల్లో ఉంటుంది. భూకంపపు అలలు నేల మీద ఎలా పాకుతాయో 1904లోనే లెక్కగట్టాడు. అరవై ఏడేళ్ళు దాటాక రాయల్ సొసైటీ పత్రికలో సాగే గుణమున్న ప్లేటులో అలల గురించి ఒక వ్యాసం వేశాడు. పెద్ద వ్యాసమేమీ కాదు. దాన్ని ఎవరు దేనికి వాడుకుంటారన్న ఆలోచన అందులో కనిపించదు.

ఆయన చెప్పింది ఇది. మందమైన ఇనుములో శబ్దం తన దారిన తాను పోతుంది. పలుచని ప్లేటులో అలా కుదరదు. పై ముఖానికి తగిలి కిందికి, కింది ముఖానికి తగిలి పైకి వస్తూ, ఆ రెండు ముఖాలూ కలిసి దాన్ని ఒక కొత్త అలగా మారుస్తాయి. ఆ అలలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో రెండు ముఖాలూ ఎదురుబొదురుగా కదిలి ప్లేటు కాస్త లావవుతూ కాస్త సన్నబడుతూ ఉంటుంది. రెండోదాంట్లో రెండు ముఖాలూ ఒకేవైపు కదిలి ప్లేటు అటూ ఇటూ వంగుతుంది. ప్లేటు మందాన్నీ అల ఫ్రీక్వెన్సీనీ గుణిస్తే వచ్చే అంకె పెరిగేకొద్దీ ఒక్కో జాతిలో కొత్త కొత్త అలలు పుట్టుకొస్తాయి. దేని వేగం దానిదే. పైగా ఒకే అలలో కూడా వేరువేరు ఫ్రీక్వెన్సీలు వేరువేరు వేగాలతో పోతాయి. తీర్థానికి కలిసి బయల్దేరిన ఎడ్లబళ్ళు నాలుగు కోసులు పోయేసరికి ఎడంపడి, ఏ బండి ఎవరిదో తెలియనట్టు, ఇక్కడ చురుగ్గా మొదలైన పలుకు అక్కడికి చేరేసరికి సాగి చెదిరిపోతుంది.

సరిగ్గా అదే 1917 ప్రాంతంలో, ఇంగ్లిష్ ఛానల్‌కు అవతల, ఫ్రాన్సులోని తూలాన్ రేవులో పాల్ లాంజెవాన్ సముద్రంలోకి శబ్దం పంపించి జర్మన్ జలాంతర్గాములను పట్టే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన గురువు పియర్ క్యూరీ, పియర్ అన్న జాక్ క్యూరీ కలిసి 1880, 1881ల్లో తేల్చిన సంగతే లాంజెవాన్ పనిముట్టు: క్వార్ట్జ్ రాయిని నొక్కితే కరెంటు పుడుతుంది, కరెంటు పెడితే రాయి కదులుతుంది. క్వార్ట్జ్ ముక్కలను రెండు ఉక్కు ప్లేట్ల మధ్య ఇరికించి మనిషి చెవికి అందని శబ్దాన్ని పుట్టించాడు. అంటే లెక్కా పనిముట్టూ ఇంచుమించు ఒకేసారి తయారయ్యాయి. రెండూ ఒకచోట కలవడానికి దగ్గరదగ్గర నలభై ఏళ్ళు పట్టింది. ఎందుకంటే మధ్యలో తేలిక దారి ఒకటి దొరికింది.

ఆ తేలిక దారి పేరు ప్రతిధ్వని. 1928లో లెనిన్‌గ్రాడ్‌లో సెర్గీ సోకొలోవ్ లోహం గుండా శబ్దాన్ని పంపి అవతలి పక్క పట్టుకోవచ్చన్నాడు. మధ్యలో పగులుంటే అవతల చేరే శబ్దం తగ్గుతుంది. రెండు పక్కలా చెయ్యి పెట్టే వీలుంటేనే అది పనికొస్తుంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ ఒకవైపు నుంచే శబ్దాన్ని తునకలు తునకలుగా పంపి, లోపల తగిలి తిరిగొచ్చేదాన్ని అదే వైపు పట్టుకునే యంత్రానికి 1940లో పేటెంటు అడిగాడు, 1942 ఏప్రిల్‌లో అది చేతికొచ్చింది. ఇంగ్లండులో డొనాల్డ్ స్ప్రౌల్, జర్మనీలో అడాల్ఫ్ ట్రోస్ట్ కూడా యుద్ధకాలంలోనే ఎవరి దారిన వాళ్ళు శబ్దంతో లోహాన్ని పరీక్షించే యంత్రాలు తయారుచేశారు. యుద్ధకాలపు రహస్యం కదా, ఒకరి పని ఒకరికి తెలియదు.

అవసరం ఎంత ముంచుకొచ్చిందో చెప్పడానికి ఒక్క ఓడ చాలు. 1943 జనవరి 16 రాత్రి, అమెరికాలో పోర్ట్‌లాండ్ రేవులో షెనెక్టడీ అనే కొత్త ఆయిల్ ట్యాంకరు ఒడ్డునే కట్టేసి ఉంది. తయారై మూడు వారాలు కూడా కాలేదు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. ఉన్నట్టుండి డెక్ దగ్గర మొదలైన పగులు రెండు పక్కలా దిగి ఓడను దాదాపు రెండుగా చీల్చింది. ఆ చప్పుడు మైలు దూరానికి వినిపించిందని దర్యాప్తులో రాశారు. రివెట్లు కొట్టిన పాత ఓడల్లో పగులు ఒక ప్లేటు అంచుకు రాగానే చాలావరకు అక్కడే ఆగేది. వెల్డింగు ఓడల్లో ప్లేట్లన్నీ ఒకే ఇనుమైపోయాయి, పగులుకు అడ్డే లేదు. ఆ ఉక్కు చలికి పెళుసెక్కుతుందని కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టాన్స్ టిప్పర్ తర్వాత తేల్చింది.

ఆ యుద్ధకాలంలోనే మన దగ్గరా ప్లేట్లలో శబ్దం నడుస్తూ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం గారు అక్కడ ఫిజిక్స్ ప్రొఫెసరు. ఆయనా జె.భీమసేనాచారి గారూ కలిసి 1944లో ఒక పద్ధతి ప్రకటించారు. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా చెక్కిన స్ఫటికపు చీలను కరెంటుతో కదిలిస్తే రకరకాల ఫ్రీక్వెన్సీల శబ్దం వస్తుంది. దాన్ని పరీక్షించాల్సిన పలకకు తగిలించి, అవతల ద్రవంలోకి దిగే శబ్దాన్ని వెలుతురు చారల రూపంలో చూస్తారు. పలక మందం అలలో సగానికో, దాని గుణకాలకో సరిపోయినప్పుడు శబ్దం బాగా దాటుతుంది. దాన్నిబట్టి ఆ పదార్థం గట్టితనాన్ని లెక్కగట్టవచ్చు. అలా వజ్రాన్ని కూడా కొలిచి 1946లో రాయల్ సొసైటీ పత్రికలో వేశారు. అంతకు ముప్ఫై ఏళ్ళ కిందట లాంబ్ వ్యాసం వచ్చిన పత్రిక అది. ఆ వజ్రం అంకెలు తర్వాత 1957లో అమెరికాలోని బెల్ లాబ్స్ కొలతల ముందు నిలవలేదు. అయినా యుద్ధకాలంలో, తాత్కాలిక మకాంలో, వజ్రాన్ని శబ్దంతో కొలవాలనుకోవడమే నాకు గొప్పగా తోస్తుంది. మా వృత్తిలో చేరే కుర్రాళ్ళకు క్లాసులో అల్ట్రాసోనిక్ యంత్రాల క్రౌట్‌క్రేమర్ పేరు చెబుతారు, భగవంతం గారి పేరు చెప్పరు. నేను మాత్రం చెప్పేవాణ్ణి.

ఇక ప్రతిధ్వని యంత్రం యార్డుకొచ్చాక పని ఎలా ఉండేదో చెబుతాను. ఇరవై అయిదు మిల్లీమీటర్ల ప్లేటు దిమ్మల మీద పడుకుని ఉంటుంది. ముందు వైరు బ్రష్షుతో తుప్పూ స్కేలూ గోకాలి. ప్రోబుకీ ప్లేటుకీ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా శబ్దం లోపలికి పోదు కాబట్టి హెల్పరు ముందు నడుస్తూ పేస్టు పూస్తాడు. ఎండాకాలమైతే ఆ పేస్టు మనం చేరేలోపే ఆరిపోతుంది. ప్రోబు పెట్టగానే తెర మీద ఇరవై అయిదు దగ్గర ఒక శిఖరం లేస్తుంది. అది అడుగు ముఖం నుంచి వచ్చిన ప్రతిధ్వని. యాభై దగ్గర కాస్త పొట్టిది, డెబ్బై అయిదు దగ్గర ఇంకా పొట్టిది. ఉక్కులో శబ్దం సెకనుకు 5,900 మీటర్లు పోతుంది కనుక మొదటిది తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు ఎనిమిదిన్నర చాలు. ప్రోబు జరుపుకుంటూ పోతుంటే ఒకచోట పన్నెండున్నర దగ్గర కొత్త శిఖరం మొలుస్తుంది, ఇరవై అయిదుది కుంగుతుంది. లామినేషన్. ఇంకో అంగుళం జరిపితే అడుగు శిఖరం పూర్తిగా మాయం. సుద్దతో గుర్తు పెట్టి దాని చుట్టుకొలత తీస్తాం. ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో, ఎంత మేరకుందో అన్నీ చేతిలో ఉంటాయి. సుత్తికి ఇదెక్కడ సాధ్యం?

కానీ ప్రోబు వినేది తన కింద ఉన్న ముక్కనే. పక్కన రెండంగుళాల అవతల ఏముందో దానికి పట్టదు. మేం ఎక్కువగా వాడిన అమెరికన్ స్టాండర్డు ఏఎస్‌టీఎం ఏ435 ప్రకారం ప్లేటు మీద తొమ్మిదంగుళాల గళ్ళు గీసి, ఆ గీతల వెంట ప్రోబు నడిపితే చాలు. అడుగు ప్రతిధ్వని పూర్తిగా పోయిన చోటు మూడంగుళాల వృత్తంలో ఇమడకపోతే మామూలు మందం ప్లేటు రిజెక్టు. ఒకరోజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా హెల్పరు పేస్టు బకెట్టు కింద పెట్టి అడిగాడు: "సార్, గీత మీదే సూత్తన్నారు. గీతకీ గీతకీ మద్దిన ఏటుందో సూడరా?"

"స్టాండర్డులో లేదు నాయనా" అన్నాను.

"మరక్కడుంటే?"

కొనేవాడు అడిగితే వందశాతం స్కానింగు చేస్తాం, అందుకు డబ్బూ రోజులూ అవుతాయి. లేదంటే గడి మధ్యలో అరచెయ్యంత లామినేషన్ హాయిగా కూర్చుని యార్డు దాటిపోవచ్చు. సుత్తి దెబ్బ ప్లేటంతా వినేది కదా, దాన్ని వదులుకుని మనం తెచ్చుకున్నది ఈ గీతలు.

ఆ వెడల్పును వెనక్కి తేగలిగింది లాంబ్ అలే. దాన్ని పనిలోకి దించిన తొలి పెద్ద ప్రయత్నం ఓడల దగ్గరో వంతెనల దగ్గరో జరగలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో జరిగింది. నాగసాకి మీద పడిన బాంబుకు ప్లుటోనియం తీసిన చోటు అది. అక్కడ పనిచేసిన డి.సి.వర్ల్‌టన్ 1957లో లాంబ్ అలలతో పరీక్ష చేయొచ్చని రాసి, 1961లో అల్యూమినియం, జిర్కోనియం పలకల్లో ఆ అలలను మెగాసైకిళ్ళ స్థాయిలో కొలిచి, లాంబ్ లెక్క నిజమేనని చూపించాడు. అణు ఇంధనానికి తొడిగే లోహం చాలా పలచన. ఒక మిల్లీమీటరు రేకులో మామూలు ప్రోబు పెడితే, పంపిన పలుకు ఇంకా ఆగకముందే ప్రతిధ్వని వచ్చి దానిలో కలిసిపోతుంది. మందమైన ప్లేట్లున్నంత కాలం తేలిక దారి నడిచింది. పలచని లోహం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది, అప్పుడు లాంబ్ గుర్తుకొచ్చాడు. వర్ల్‌టన్ కాలానికి లెక్క చేసి పెట్టడానికి కంప్యూటర్లు కూడా వచ్చాయి. లాంబ్ సమీకరణాలను చేత్తో విప్పి ప్రతి మందానికీ వేగాల పట్టిక గీయడం మనుషులు చేసే పని కాదు.

1971లో హైదరాబాదులో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారయ్యేవీ జిర్కోనియం మిశ్రమపు గొట్టాలే. ఇంధనానికి తొడిగేవాటిలో ఎక్కువవాటి గోడ మందం అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ప్రతి గొట్టమూ నీళ్ళలో తిరుగుతూ అల్ట్రాసోనిక్ పరీక్ష దాటాలి. నా కన్నా చిన్నవాళ్ళు కొందరు అక్కడ చేరారు. మా ప్లేట్ల పనిని వాళ్ళు కాస్త మొరటు పని కింద జమకట్టేవారు, కొంతవరకు నిజమే.

పక్కదారి ఒకటుంది, చెప్పి ముందుకు పోతాను. 1950లో మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్ లోహాన్ని తట్టకుండా, లాగుతూ ఊరికే విన్నాడు. బరువు పెరిగేకొద్దీ లోహం సన్నగా చిటపటలాడింది. బరువు తీసేసి మళ్ళీ వేస్తే, మొదట మోసిన బరువు దాటేదాకా కిక్కురుమనలేదు. ప్రెషర్ వెసల్‌కు నీళ్ళ ఒత్తిడి పెట్టేటప్పుడు చుట్టూ సెన్సర్లు అతికించి వినే పద్ధతి అందులోంచి పుట్టింది. అదీ మొత్తం వినేదే. కాకపోతే పగులు పెరిగేటప్పుడే పలుకుతుంది, ఊరికే ఉన్న పగులు పలకదు.

లాంబ్ అలకు రెండోసారి ఊపు వచ్చింది విమానాల వల్ల. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 హీలో నుంచి హొనొలూలు వెళ్తూ 24,000 అడుగుల ఎత్తున ఉండగా, ముందు భాగం పైకప్పు దాదాపు పద్దెనిమిది అడుగుల మేర ఊడిపోయింది. ఎయిర్ హోస్టెస్ ఒకామె గాల్లోకి కొట్టుకుపోయింది. మిగిలిన 94 మందితో పైలట్లు దాన్ని మావీ దీవిలో దింపారు. ఆ విమానం అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. రేకుల అతుకుల దగ్గర జిగురు ఊడి, రివెట్ల పక్కన చిన్న చిన్న పగుళ్ళు ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. ఎక్కేటప్పుడు తలుపు పక్కన పగులు చూశానని ఒక ప్రయాణికురాలు తర్వాత చెప్పింది. వేల రివెట్లున్న రేకును ఒక్కో రివెట్టు దగ్గరా ప్రోబు పెట్టి ఎవరు చూస్తారు? ఒకచోట కూర్చుని అతుకు పొడుగునా వినగలిగితేనే పని. ముసలి విమానాల పరిశోధనకు ఆ తర్వాత అమెరికాలో డబ్బు ధారాళంగా వచ్చింది, ప్లేటు అలల మీద పేపర్లు కుప్పలుగా వచ్చాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీటర్ కాలీ, డేవిడ్ అలెయిన్ ఒకదానిమీద ఒకటి పడ్డ అలలను లెక్కతో విడదీసే ఉపాయం 1991లో చెప్పి, దాన్ని రిఫైనరీ గొట్టాలకు పట్టుకెళ్ళారు. గొట్టం చుట్టూ ఒక పట్టీ బిగించి పదుల మీటర్ల దూరం వరకు తుప్పును వెతకడం వాళ్ళ దగ్గర మొదలై మన రిఫైనరీల దాకా వచ్చింది. మద్రాసు ఐఐటీలో కృష్ణన్ బాలసుబ్రమణ్యం గారి బృందం ఈ అలల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది.

ఇప్పుడు ప్లేటుకు క్వార్ట్జ్‌లాగే పనిచేసే పీజెడ్‌టీ ముక్కలు, రూపాయి బిళ్ళంతవి, శాశ్వతంగా అతికించేస్తున్నారు. ఒకటి పలుకుతుంది, మిగతావి వింటాయి, తర్వాత వంతు మారుతుంది. ప్లేటు బాగున్న రోజు తీసుకున్న శబ్దపు సంతకాన్ని ఇవాళ్టి సంతకంలోంచి తీసివేస్తే మిగిలేది దెబ్బ అని లెక్క. కాగితం మీద ఎంతో బాగుంది. తిప్పలన్నీ ఆరుబయటే. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకులో రెండు లక్షల సైకిళ్ళ దగ్గర లావై సన్నబడే జాతి అల పొడుగు దాదాపు 27 మిల్లీమీటర్లు. మా ప్రోబులో అది ఒకటిన్నర మిల్లీమీటరు. అంత పొడుగు అలకు చీమంత పగులు ఆనదు. ఇంకొకటి ఎండ. లోహం వేడెక్కితే అల వేగం తగ్గుతుంది. విశాఖలో పొద్దున్న ఆరింటికి తీసుకున్న సంతకాన్ని మే నెల మధ్యాహ్నం రెండింటి సంతకంలోంచి తీసేస్తే, లేని దెబ్బ తెరంతా పరుచుకుంటుంది. ఉష్ణోగ్రతకు తగ్గట్టు సంతకాన్ని సాగదీసి సరిచూసే లెక్కలున్నాయి. వాటికి తోడు తడి, పెయింటు, బోల్టుల బిగింపు. విమానపు రేకు మీద, గొట్టం మీద దీన్ని నమ్మేవాళ్ళు ఉన్నారు. స్టిఫెనర్లూ బ్రాకెట్లూ నాజిల్సూ వెల్డు చేసిన ప్లేటు దగ్గరికొచ్చేసరికి ప్రతి అతుకూ ఒక ప్రతిధ్వని పుట్టిస్తుంది, వాటిలో పగులుది ఏదో విడదీయడం గగనమవుతుంది.

మా వెనక చేరిన ఇంజినీరు కుర్రాడొకడు ఈ మధ్య ఫోన్ చేసి, తమ యార్డులో ట్యాంకు అడుగు ప్లేట్లకు గైడెడ్ వేవ్ పరీక్ష, అంటే ఈ ప్లేటు అలల పరీక్షే, పెట్టించారని చెప్పాడు. ట్యాంకు ఖాళీ చేయకుండా బయటి అంచు మీద నుంచే లోపలికి పంపి తుప్పు చూస్తున్నారట. అనుమానం వచ్చిన చోట ఏం చేస్తున్నారని అడిగాను.

"ఇంకేముందండీ, తర్వాత ట్యాంకు తెరిచినప్పుడు లోపలికి దిగి, గళ్ళు గీసి, ప్రోబు పెడుతున్నాం."

"ఎంత గడి?"

"అనుమానమున్న చోట వందశాతమేనండీ. మిగతా చోట మామూలే."